గోధుమరంగు బండి, తెల్లని బండి

వేసవి వచ్చినదనగా మన కోస్తా జిల్లాల యిండ్లలో ఆవకాయ జాడీలతోపాటు ఇంకొక సంరంభము కూడ మొదలగును. పెట్టిన ఆవకాయలో కొంత తీసి, నూనె కారకుండ రెండు మూడు సంచులలో బిగించి, అట్టపెట్టెలో సర్ది, అమెరికాలోనున్న కుమారునికో కుమార్తెకో పంపు సంరంభమది. ఊరిలోని కొరియరు దుకాణములో తూకమునకు ఎక్కినది మొదలు, డల్లాసులోనో న్యూజెర్సీలోనో ఒక గుమ్మము ముందు దిగువరకు ఆ పెట్టె ఎన్నో చేతులు మారును. చివరి చేయి ఎవరిది? ముదురు గోధుమరంగు చొక్కా తొడిగి అదే రంగు బండిలో వచ్చినవానిదా? ఊదా, నారింజ రంగుల అక్షరములున్న తెల్లని బండివానిదా? పంపినవారికి ఆ భేదముతో పనిలేదు. పెట్టె పగులక చేరినదా, ఎన్నాళ్ళలో చేరినది అన్నవే వారు అడుగు ప్రశ్నలు.

మొదటి బండి యునైటెడ్ పార్సెల్ సర్వీసు వారిది. దానినే క్లుప్తముగా యూపీఎస్ అందురు. రెండవది ఫెడెక్స్ వారిది. ఈ రెండు సంస్థల ధరలను, వేగమును పోల్చి చెప్పువారు చాలమంది ఉన్నారు. బండి లోపల కూర్చున్న మనిషి వైపునుండి వాటిని పోల్చి చూచుట అరుదు. ఆ వైపునుండి చూచినచో వ్యత్యాసము చిన్నది కాదు. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే ఎండ, ఇంచుమించు ఒకే బరువు. అయినను గోధుమరంగు బండి తోలువానికి జీతమిచ్చు యజమాని పేరు ఆ బండిమీదనే పెద్ద అక్షరములలో ఉన్నది. తెల్లని బండి తోలువారిలో వేలమందికి అట్లు కాదు. బండిమీద పేరు ఒకరిది, జీతమిచ్చు చేయి వేరొకరిది. ఈ తేడా ఎట్లు పుట్టినదో, దానివలన ఎవరికి ఏమి ఒరిగినదో వివరించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మన దేశములో పార్సెలు అనగా చాలకాలము తపాలా వారి సొత్తు. గుడ్డలో కుట్టి, కుట్టుమీద లక్కముద్రలు వేసి, సిరాతో చిరునామా వ్రాసిన మూటను పోస్టుమాను తెచ్చి యిచ్చుటయే మన పెద్దలకు తెలిసిన పద్ధతి. అమెరికాలో కథ మరియొక విధముగా నడిచినది. అక్కడి తపాలాశాఖ 1913వ సంవత్సరము వరకు నాలుగు పౌనులకు మించిన పార్సెలును తీసికొనెడిది కాదు. బరువైన మూటలన్నియు ఆడమ్స్, అమెరికన్, వెల్స్ ఫార్గో వంటి ఎక్స్‌ప్రెస్ కంపెనీల చేతులలో ఉండెడివి. ఆ యేడు జనవరి 1వ తేదీన తపాలావారు 11 పౌనుల వరకు, అనగా సుమారు 5 కిలోల వరకు, మోయుటకు పూనుకొన్నారు. కాని అప్పటికే పార్సెలును ప్రైవేటు కంపెనీ మోయుట ఆ దేశమునకు అలవాటైపోయినది.

యూపీఎస్ పుట్టుక 1907లో, సియాటిల్ నగరములో. జేమ్స్ కేసీ అను పందొమ్మిదేండ్ల యువకుడు, క్లాడ్ రయన్ అను మిత్రునితో కలసి, 100 డాలర్లు అప్పు తెచ్చి, కబురులు మోయు సంస్థ నొకదానిని పెట్టినాడు. కుర్రవాండ్రు కాలినడకను, సైకిళ్ళమీదను పోయి ఉత్తరములు, చిన్న మూటలు అందించెడివారు. టెలిఫోనులు పెరిగినకొలది కబురులు మోయు పని తగ్గినది. అప్పుడు ఆ సంస్థ పెద్ద బట్టలకొట్ల సరకును కొనుగోలుదారుల యిండ్లకు చేర్చు పనికి మరలినది. 1919లో ఓక్లండులో అడుగుపెట్టునాటికి నేటి పేరు వచ్చినది. దుమ్ము కనబడనీయని ఆ గోధుమరంగును అప్పటి మేలిరకపు రైలుపెట్టెల రంగును చూచి ఎన్నుకొన్నారు. దేశమందలి 48 రాష్ట్రములలోను ఎక్కడినుండి ఎక్కడికైనను పార్సెళ్ళను మోయు అనుమతి సంపాదించుటకు ఈ సంస్థకు 1975 వరకు పట్టినది. అది ఒక్కొక్క రాష్ట్రముతో, ఒక్కొక్క కమిషనుతో పోరాడి మెల్లగా పెరిగిన సంస్థ.

దాని స్వభావమును నిర్ణయించిన విషయ మొకటి కలదు. కేసీ తొలినాళ్ళలోనే తన పనివారిని టీమ్‌స్టర్స్ సంఘములో చేరనిచ్చినాడు. టీమ్ అనగా బండికి పూన్చిన గుఱ్ఱముల జత. గుఱ్ఱపుబండ్లు తోలువారి సంఘము గనుక దానికి ఆ పేరు. గుఱ్ఱములు పోయి మోటార్లు వచ్చినను పేరు నిలిచినది. ఆ నిర్ణయ ఫలితము నేటికిని కనబడుచున్నది. 2023లో యూపీఎస్‌లో సుమారు 3,40,000 మంది ఆ సంఘ సభ్యులుగా ఉండిరి. వారి వేతనము, సెలవులు, పింఛను, వైద్యబీమా, ఎవరు ముందు ఎవరు వెనుక అను సీనియారిటీ లెక్క, ఇవన్నియు ఒకే ఒప్పందములో వ్రాసియుండును.

ఇంతమాత్రమున యూపీఎస్‌లో అందరిదీ సుఖజీవనమని తలంపరాదు. ఆ సభ్యులలో సగమునకు పైగా పూటపనివారు. ఈ పూటపని ఎందుకు పుట్టినదో తెలిసికొనుట అవసరము. పార్సెళ్ళ వ్యాపారములో పని రోజంతయు సమముగా పరచుకొని ఉండదు. సాయంకాలము దుకాణములనుండి సేకరించిన సరకు రాత్రి కూడలికి చేరును. అక్కడ దానిని ఊరివారీగా వేరుచేయవలెను. తెల్లవారుజామున వీధివారీగా బండ్లకు ఎక్కింపవలెను. ఉదయము ఎనిమిది, తొమ్మిది గంటలకు బండ్లు బయలుదేరగానే గిడ్డంగి బోసిపోవును. మూడు నాలుగు గంటలు ఊపిరాడని పని, తరువాత ఏమియు లేదు. దీనికి ఎనిమిది గంటల మనిషిని పెట్టుట దండుగని కంపెనీ లెక్క. 1960వ దశకమునుండి పెరిగిన ఈ పద్ధతిలో విద్యార్థులు, రెండవ ఉద్యోగము వెదకికొనువారు, చిన్నపిల్లల తల్లులు ఎక్కువగా చేరినారు. 1982 ఒప్పందములో వారి తొలి వేతనమును గంటకు 8 డాలర్లకు కుదించి, అక్కడనే చాలకాలము నిలిపివేసినారు. బండి తోలువారి వేతనము మాత్రము పెరుగుచు పోయినది. ఒకే సంఘములో, ఒకే కప్పు క్రింద రెండు వర్ణములు ఏర్పడినవి.

అక్కడ ఉద్యోగములో చేరినవాడు సాధారణముగా ఈ చీకటిపూట పనితోనే మొదలుపెట్టును. సరకు నిండిన పొడుగాటి లారీపెట్టెలో నిలబడి, కదలుచున్న పట్టాపైకి పెట్టెలను దించుట, లేదా పట్టామీద వచ్చువానిని చూచి తన వంతునకు వచ్చిన బండ్లలో అరలవారీగా సర్దుట అతని పని. ఒక్కొక్క పెట్టె 150 పౌనులు, అనగా 68 కిలోల వరకు ఉండవచ్చును. ఎరువుల బస్తా ఎత్తినవారికి ఆ బరువు తెలియును; బస్తాను పట్టుకొనుటకు పట్టు దొరకును, అట్టపెట్టెకు అదియు ఉండదు. ఇట్లు కొన్నేండ్లు గడిపిన తరువాత బండి తోలు ఖాళీ ఒకటి వచ్చినప్పుడు సీనియారిటీ ప్రకారము వంతు వచ్చును. వచ్చినను పూర్తి వేతనము అందుటకు మరి నాలుగేండ్లు పట్టును. ఓపిక పట్టలేక మధ్యలో మానుకొనువారి సంఖ్య చాల పెద్దది.

బండి తోలు పనినిగూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. అదొక శాస్త్రముగా తయారైనది. ఏ చేతితో తాళపుచెవి పట్టవలెను, ఏ కాలు ముందు మోపి దిగవలెను, పెట్టెను ఎట్లు ఎత్తవలెను అను పద్ధతులు కొన్ని వందలు నేర్పుదురు. ఒక్కొక్క గుమ్మమువద్ద రెండు క్షణములు మిగిలినను రోజునకు నూటికి పైగా గుమ్మములు ఉన్నవి గదా. ఎడమవైపునకు తిరుగవలసిన దారులను వీలైనంత తప్పించుట ఈ కంపెనీ ప్రసిద్ధ సూత్రము. అమెరికాలో బండ్లు రోడ్డునకు కుడిప్రక్కన పోవును గనుక, ఎడమకు తిరుగువాడు ఎదురుగా వచ్చు బండ్లకు అడ్డముగా పోవలెను. మన దేశములో కుడివైపు తిరుగుటలోనున్న చిక్కే అది. ఆగి నిలుచుటవలన నూనె ఖర్చు, కాలహరణము, ప్రమాదము. 1990వ దశకము ప్రారంభమునుండి తోలువాని చేతిలో ఒక పలకవంటి యంత్రము ఉన్నది. 2010 తరువాత ఏ గుమ్మమునకు ముందు పోవలెనో, దేనికి తరువాత పోవలెనో గణకయంత్రమే నిర్ణయించి చెప్పుచున్నది. ఇరువదియేండ్లుగా ఆ వీధులలో తిరిగినవాడు, బడి విడుచువేళ ఏ సందు నిండిపోవునో ఎరిగినవాడు, యంత్రము చెప్పిన వరుసను చూచి నొసలు ముడుచుట సహజము. యంత్రము చాలచోట్ల నిజముగనే దూరము తగ్గించినది. కాని అది తోలువాని తీర్పునకు విలువ తగ్గించినదనుట కూడ నిజమే.

ఎండమాట చెప్పనే అక్కరలేదు. బండి వెనుకభాగము లోహపు పెట్టె. అరలలో వెదకి పెట్టెను తీయుటకు రోజునకు నూరుసార్లు అందులోనికి పోవలెను. 2023 జూన్ 30 మొదలు జూలై 30 వరకు అరిజోనాలోని ఫీనిక్స్ నగరములో వరుసగా 31 రోజులు వేడిమి 110 ఫారన్‌హీటు డిగ్రీలు, అనగా 43 సెంటిగ్రేడు డిగ్రీలు దాటినది. రెంటచింతల ఎండ ఎరిగినవారు ఆ నెలరోజులు ఇనుపపెట్టెలో పని ఎట్లుండునో ఊహింపగలరు. సరిగా ఆ నెలలోనే యూపీఎస్, టీమ్‌స్టర్స్ కొత్త ఒప్పందమునకై బేరములాడుచుండినవి. 2024 జనవరి 1 తరువాత కొను బండ్లలో శీతలయంత్రము ఉండవలెనను షరతు ఆ ఒప్పందములో చేరినది. పాత బండ్లకు పంకాలు, గాలి వచ్చు మార్గములు అమర్చుటకు కంపెనీ ఒప్పుకొన్నది.

ఇక రెండవ సంస్థ కథ. ఫెడెక్స్ నేలమీద పుట్టినది కాదు, ఆకాశములో పుట్టినది. వియత్నాము యుద్ధములో పనిచేసి వచ్చిన ఫ్రెడ్ స్మిత్ 1971లో దానిని స్థాపించినాడు. ఈయన 2025 జూన్‌లో మరణించినారు. 1973 ఏప్రిల్ 17 రాత్రి మెంఫిస్ నగరమునుండి 14 చిన్న జెట్ విమానములు 186 పార్సెళ్ళతో 25 నగరములకు పోయినవి. ఆయన యోచన వినుటకు విడ్డూరముగా తోచును. ఏ ఊరి పార్సెలైనను, ప్రక్క ఊరికి పోవలసినదే అయినను, రాత్రికి రాత్రి మెంఫిస్ రావలెను. అక్కడ కలిపి వేరుచేసిన తరువాత తెల్లవారుసరికి తన ఊరు చేరవలెను. గుంటూరునుండి తెనాలికి పోవు ఉత్తరము నాగపూరు మీదుగా పోవుటవంటిది. అయినను ప్రతి రెండు ఊళ్ళ మధ్య ఒక విమానము నడుపుటకంటె అన్ని విమానములు ఒక చోట కలసికొనుట చౌక అని అనుభవములో తేలినది.

విమానములతో పుట్టుటవలన ఈ సంస్థకు ఒక చట్టపు ఫలితము కూడ కలిగినది. అమెరికాలో చాలమంది ప్రైవేటు కార్మికులు సంఘము పెట్టుకొను హక్కు 1935 నాటి జాతీయ కార్మిక సంబంధముల చట్టము క్రింద ఉన్నది. దాని ప్రకారము ఒక్క గిడ్డంగిలో ఎక్కువమంది ఓటు వేసినచో ఆ గిడ్డంగివరకు సంఘము ఏర్పడును. కాని రైళ్ళకు 1926 నాటి వేరొక చట్టము కలదు. రైలు ఆగినచో దేశమే ఆగునను భయముతో చేసిన చట్టమది. సమ్మెకు ముందు దీర్ఘమైన మధ్యవర్తిత్వము గడువవలెను. సంఘము కావలెనన్నచో ఆ తరగతి పనివారందరు దేశమంతట ఒకే ఓటులో నెగ్గింపవలెను. 1936లో ఈ రైలు చట్టమును విమాన కంపెనీలకు కూడ వర్తింపజేసినారు. ఫెడెక్స్ ఎక్స్‌ప్రెస్ విభాగము విమాన కంపెనీ గనుక, దానిలో పట్టణపు వీధులలో బండి తోలువాడు కూడ ఆ చట్టము క్రిందనే ఉన్నాడు. విమానము ఎన్నడును ఎక్కనివాడు సైతము చట్టము దృష్టిలో విమానపు మనిషియే. ఒక ఊరివారు కలసికొని సంఘము పెట్టుకొనుట తేలిక. వందల ఊళ్ళవారు ఒక్కసారి కలియుట అసాధ్యమునకు చేరువ. ఫెడెక్స్ విమానచోదకులకు సంఘము కలదు. బండ్లు తోలువారికి లేదు.

2009లో అమెరికా దిగువసభ ఈ తేడాను తొలగించుటకై ఒక బిల్లులో నిబంధన చేర్చి ఆమోదించినది. దానిని యూపీఎస్ గట్టిగా బలపరచినది. పొరుగు కంపెనీ పనివారికి సంఘము సులభము కావలెనని ఒక కంపెనీయే వాదించుట మనము తరచు చూచు వింత కాదు. తన ఖర్చు ఎదుటివానికి కూడ ఉండవలెనన్నది అందలి అంతరార్థము. ఫెడెక్స్ దానికి ప్రతిగా పెద్ద ప్రచారము నడిపినది. 2012లో తుదకు వచ్చిన చట్టములో ఆ నిబంధన లేదు.

న్యాయముగా చెప్పవలెనన్నచో, ఫెడెక్స్ ఎక్స్‌ప్రెస్‌లో పనిచేసినవారు కంపెనీ ఉద్యోగులే. వైద్యబీమా, సెలవు సౌకర్యములు వారికి ఉన్నవి. తగవు వచ్చినప్పుడు మెట్టుమెట్టుగా పై అధికారుల వరకు చెప్పుకొను ఏర్పాటు కూడ ఆ సంస్థ తనంతట తాను చేసినది. యూపీఎస్‌లోని తగవుల పద్ధతికిని దీనికిని భేదమేమనగా, అక్కడ ఫిర్యాదు సంఘ ప్రతినిధులు, కంపెనీ ప్రతినిధులు కలసిన పంచాయతికి పోయి, తెగనిచో బయటి మధ్యవర్తి చేతికి పోవును. ఇక్కడ కడపటి మాట కంపెనీదే. మంచి అధికారి ఉన్నచోట రెండింటికిని తేడా కనబడదు. చెడ్డ అధికారి వచ్చిననాడే అది బయటపడును.

అసలు చిక్కు తెల్లని బండ్లలో రెండవ రకమునకు సంబంధించినది. 1985లో రోడ్‌వే పార్సెల్ సిస్టమ్ అను సంస్థ నేలమీద పార్సెళ్ళు మోయుటలో యూపీఎస్‌కు పోటీగా పుట్టినది. అది ఉద్యోగులను పెట్టుకొనలేదు. బండి తోలువాడు స్వతంత్ర వ్యాపారి. తన బండి తానే కొనుక్కొనును, నూనె, మరమ్మతు, బీమా తానే భరించును. పార్సెలునకు ఇంత, ఆగిన చోటికి ఇంత అని కంపెనీ చెల్లించును. 1998లో ఫెడెక్స్ ఈ సంస్థను కొని, తరువాత ఫెడెక్స్ గ్రౌండ్ అని పేరు మార్చినది. వ్యాపారి యన్న మాట వినుటకు గౌరవముగనే ఉన్నది. కాని ఆ వ్యాపారి చొక్కా ఏ రంగులో ఉండవలెనో, బండిమీద ఏ గుర్తు ఉండవలెనో, ఏ వీధిలో ఏ వేళకు ఉండవలెనో కంపెనీయే నిర్ణయించెడిది. తన పార్సెలు ధర తాను పెట్టుకొను స్వేచ్ఛ ఆ వ్యాపారికి లేదు. సెలవు కావలెనన్నచో తన బదులు మనిషిని తానే వెదకి, కూలి తానే చెల్లింపవలెను.

ఈ తగవు న్యాయస్థానములకు ఎక్కినది. 2014లో తొమ్మిదవ మండల ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము, కాలిఫోర్నియా, ఆరెగాన్ రాష్ట్రముల తోలువారి వ్యాజ్యములలో, వారు వ్యాపారులు కారు, ఉద్యోగులే అని తీర్పు చెప్పినది. పేరు ఏదైనను, పనిమీద అదుపు ఎవరిదో చూచి నిర్ణయించుటయే దాని సారము. 2015లో కాలిఫోర్నియా తోలువారికి 22 కోట్ల 80 లక్షల డాలర్లును, మరుసటి సంవత్సరము ఇరువది రాష్ట్రములవారికి 24 కోట్ల డాలర్లును చెల్లించుటకు కంపెనీ ఒప్పుకొన్నది.

దీనితో వారందరు కంపెనీ ఉద్యోగులైనారా? కాలేదు. ఒక్కొక్కడు ఒక్కొక్క బండి గల వ్యాపారి యను పద్ధతిని మాని, కంపెనీ పెద్ద కంట్రాక్టర్ల పద్ధతికి మరలినది. నేడు ఒక కంట్రాక్టరు ఒక ప్రాంతపు వీధులను పుచ్చుకొని, పది, ఇరువది, కొన్నిచోట్ల ఇంకను ఎక్కువ బండ్లు కొని, తోలువారిని జీతమునకు పెట్టుకొనును. తోలువాడు ఇప్పుడు నిస్సందేహముగా ఉద్యోగియే; కాని ఆ కంట్రాక్టరునకు ఉద్యోగి, ఫెడెక్స్‌కు కాదు. వేతనము చాలచోట్ల రోజుకూలి. ఆ రోజు ఎనిమిది గంటలకు ముగిసినను, పండుగరోజులలో పన్నెండు గంటలు పట్టినను, కూలి ఎంతయన్నది ఆ కంట్రాక్టరు మంచితనము, ఆ రాష్ట్రపు చట్టము, ఈ రెంటిమీద ఆధారపడును. వైద్యబీమా ఒకనివద్ద ఉండును, ప్రక్కవానివద్ద ఉండదు. పింఛనుమాట చాల అరుదు.

అయితే ఈ వైపున లాభమే లేదా? కలదు. ఉద్యోగము త్వరగా దొరకును. గిడ్డంగిలో ఏండ్ల తరబడి పెట్టెలు మోసి వంతుకొరకు కనిపెట్టుకొని ఉండనక్కరలేదు. లైసెన్సు, ఆరోగ్యము సరిగానున్నచో కొద్దివారములలోనే బండి చేతికి వచ్చును. చిన్న కంట్రాక్టరువద్ద యజమానితో ముఖాముఖి మాట్లాడవచ్చును. బిడ్డ జబ్బుపడినదని చెప్పినచో ఆ పూటకు వదలిపెట్టుమనవచ్చును. సంఘ చందా లేదు. యూపీఎస్‌లో పనివారు సంఘమునకు నెలకు సుమారు రెండున్నర గంటల కూలి చందాగా కట్టుదురు. వెంటనే డబ్బు కావలసిన యువకునికి తెల్లని బండి ఎందుకు నచ్చునో దీనినిబట్టి తెలియును. అక్కడ ఆరునెలలు చేసినవానికి రెండు పద్ధతుల తేడా అంతగా తోచదు. ఆరేండ్లు చేసి, నడుము పట్టినవానికి తోచును.

ఈ పద్ధతిలో కంట్రాక్టరు కూడ పూర్తిగా యజమాని కాడు. 2022లో పెద్ద కంట్రాక్టరు ఒకడు, నూనె ధరలు, కూలిధరలు పెరిగి తనవంటివారెందరో నష్టములలో ఉన్నారని, కంపెనీ చెల్లింపులు పెంచవలెనని బహిరంగముగా ఉద్యమించినాడు. కంపెనీ అతనిపై దావా వేసి, అతని ఒప్పందములను రద్దు చేసినది. ఒప్పందము పోయినచో దానిక్రింద పనిచేయు తోలువారందరి ఉద్యోగములును కదలును. వారిని రేపు వచ్చు కంట్రాక్టరు పెట్టుకొనవచ్చును, పెట్టుకొనకపోవచ్చును. పెట్టుకొన్నను సీనియారిటీ లెక్క మరల మొదటికి వచ్చును.

సంఘమున్నచోట ఏమి జరుగునో చూచుటకు 1997 మంచి ఉదాహరణము. ఆ ఆగస్టు 4వ తేదీన 1,85,000 మంది యూపీఎస్ పనివారు సమ్మెలోనికి దిగినారు. పూటపనివారికి పూర్తి ఉద్యోగములు కావలెనన్నది ప్రధానమైన కోరిక. పదిహేను రోజులు గోధుమరంగు బండ్లు ఆగిపోయినవి. ఆశ్చర్యమేమనగా, పార్సెళ్ళు రాక ఇబ్బంది పడిన ప్రజలే కంపెనీకంటె పనివారివైపు ఎక్కువగా మొగ్గినట్లు నాటి అభిప్రాయ సేకరణలలో తేలినది. ప్రతిదినము గుమ్మమునకు వచ్చి పేరుపెట్టి పలకరించు మనిషి వారికి తెలిసినవాడు. కంపెనీ అధ్యక్షుడు తెలియనివాడు. సమ్మె ముగింపులో 10,000 కొత్త పూర్తికాలపు ఉద్యోగములు కల్పించుటకు కంపెనీ అంగీకరించినది.

2023లో సమ్మె వరకు పోలేదు. జూలై నెలాఖరునకు గడువు ముగియనుండగా 25వ తేదీన ఒప్పందము కుదిరినది. ఆగస్టులో సభ్యులు నూటికి 86 మంది దానిని ఆమోదించినారు. పూటపనివారి కనీసవేతనము గంటకు 21 డాలర్లైనది. పూర్తికాలము బండి తోలువారి గరిష్ఠవేతనము ఒప్పందకాలము చివరకు సగటున గంటకు 49 డాలర్లకు చేరును. అంతకుముందు ఒప్పందములో, అదే బండి తోలుచు తక్కువ జీతము తీసికొను ఒక రెండవ తరగతిని సృష్టించియుండిరి, దానిని ఎత్తివేసినారు. తోలువానికి సంవత్సరమునకు 1,70,000 డాలర్లు ముట్టునని కంపెనీ ప్రకటించిన సంఖ్య అప్పట్లో లోకమంతట చెలరేగినది. ఆ సంఖ్యను జాగ్రత్తగా చదువవలెను. అందులో చేతికి వచ్చు జీతమేగాక, కంపెనీ కట్టు వైద్యబీమా, పింఛను సొమ్ము కూడ కలసియున్నవి. ఆ మొత్తమైనను ఒప్పందము ఆఖరి సంవత్సరమునకు చెప్పినది. అయినను రోజుకూలికి తెల్లని బండి తోలువాని ఆదాయముతో దానికి పోలికలేదనుట వాస్తవము.

అంత వేతనమునకు గిరాకీ తోడు రాకున్నచో ఏమగును? ఈ ప్రశ్న నేడు గోధుమరంగు బండ్లను వెన్నాడుచున్నది. 2023 బేరములు సాగుచుండగనే, సమ్మె వచ్చునేమోయను శంకతో దుకాణదారులు రోజునకు సుమారు 10 లక్షల పార్సెళ్ళను ఇతర కంపెనీలకు మరల్చినట్లు యూపీఎస్ తెలిపినది. వానిలో కొన్ని తిరిగి వచ్చినవి, కొన్ని రాలేదు. మరొకవంక అమెజాన్ సంస్థ 2018నుండి తన సొంత బట్వాడా బండ్లను, అవియును చిన్న కంట్రాక్టర్ల పేరనే, వీధులలోనికి దింపినది. అనగా తెల్లని బండి పద్ధతిని ఇంకొకరు అందిపుచ్చుకొన్నారు. అమెజాన్ యూపీఎస్‌కు అతిపెద్ద ఖాతాదారు. కాని ఆ పార్సెళ్ళలో మిగులు తక్కువ. 2026 మధ్యకాలమునకు ఆ పనిని సగమునకు పైగా తగ్గించుకొందుమని 2025 జనవరిలో యూపీఎస్ ప్రకటించినది. ఆ సంవత్సరములోనే 48,000 ఉద్యోగములు తగ్గించినట్లు వెల్లడించినది. తోలువారికి డబ్బు ఇచ్చి స్వచ్ఛందముగా మానుకొనుడని కోరుట ఆ సంస్థ చరిత్రలో కొత్త. గిడ్డంగులు అనేకము మూతపడినవి. ఉన్నవానిలో మనుష్యుల పని యంత్రములకు పోవుచున్నది. దీనికంతకు సంఘము అడిగిన వేతనమే కారణమని కొందరందురు. వేతనమెంతైనను అమెజాన్ తన బండ్లు తాను దింపియే యుండెడిదని, యంత్రములు వచ్చియే యుండెడివని నా అభిప్రాయము. కాని వేతనభారము ఆ నిర్ణయములను త్వరపెట్టలేదని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.

ఫెడెక్స్‌వైపున కూడ నేల కదలుచున్నది. 2024 జూన్ 1వ తేదీన ఎక్స్‌ప్రెస్, గ్రౌండ్ విభాగములను ఒకే సంస్థగా కలిపినారు. ఇన్నాళ్ళు ఒకే వీధికి ఉదయము ఉద్యోగి తోలు బండి ఒకటి, మధ్యాహ్నము కంట్రాక్టరు మనిషి తోలు బండి ఒకటి వచ్చుచుండెడివి. రెండింటిని కలిపి ఒక్క బండియే పంపుట ఇప్పటి యోచన. ఆ ఒక్క బండి ఎవరిదన్నది ఊరినిబట్టి మారుచున్నది. కొన్ని ఊళ్ళలో వీధులన్నియు కంపెనీ ఉద్యోగులకు దక్కినవి. మరికొన్ని ఊళ్ళలో కంట్రాక్టర్లకు పోయినవి; అక్కడి ఉద్యోగులు వేరే ఊరికి పోవుటయో, వేరే పని చూచుకొనుటయో చేయవలసివచ్చినది. ఈ సంస్థలో చేరదలచినవాడు ఇక కంపెనీ పేరు తెలిసికొని ఊరకుండిన చాలదు. ఆ ఊరిలో జీతపుకాగితముమీద ఎవరి పేరుండునో, బండి పాడైన రోజున కూలి వచ్చునో రాదో, దెబ్బతగిలినచో ఎవరి బీమా చెల్లించునో అడిగి మరీ చేరవలెను.

యూపీఎస్ ఒప్పందము 2028 జూలై 31వ తేదీన ముగియును. అప్పటికి గోధుమరంగు బండ్లు ఎన్ని వీధులలో తిరుగుచుండునో, ఆ వీధులలోని పార్సెళ్ళలో ఎన్ని ఆ సంస్థకు మిగిలియుండునో, ఆ లెక్కనుబట్టియే సంఘము బేరములో కూర్చుండి అడుగగల కూలి ఉండును.